దావీదు మాస్టారి జీరో బల్బు

నిడదవోలులో దావీదు మాస్టారి దగ్గర పని నేర్చుకున్నవాళ్లను ఎక్కడున్నా ఇట్టే పోల్చుకోవచ్చు. మిక్సీ కానీ గ్రైండరు కానీ విప్పబోయే ముందు వాళ్లు దాని ప్లగ్గును గోడలోంచి లాగి, ఆ వైరును ఎడమ భుజం మీద కండువాలా వేసుకుంటారు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది. వేసుకున్నవాళ్లు మాత్రం నవ్వరు. ప్లగ్గు నేల మీద పడి ఉంటే, పాపం కరెంటు లేకుండా ఎలా చేస్తారని ఆ ఇంట్లో ఎవరో ఒక పుణ్యాత్ములు తెచ్చి మళ్లీ గుచ్చుతారు. మన దేశంలో ఉపకారం చేసేవాళ్లకు కొదవ లేదు. భుజం మీద ఉన్న ప్లగ్గును గుచ్చాలంటే ముందు మనిషిని అడగాలి కదా, అంటారు మాస్టారు. ముప్పై ఏళ్లు ఐటీఐలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, తన ఇంటి వరండాలో నాలుగు బల్లలు వేసి, వచ్చినవాళ్లకు ఇంటి సామాన్ల రిపేరు నేర్పుతున్నారాయన. నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే.

ప్లగ్గు భుజం మీదికి చేరాక కూడా మాస్టారు వెంటనే లోపల చెయ్యి పెట్టరు. మోటారు పక్కన కండెన్సర్ అని అరచేతిలో పట్టే డబ్బా ఒకటి ఉంటుంది. మోటారు తిరగడానికి అదే ఊపునిస్తుంది. అందుకోసం కరెంటును కాస్త తనలో పట్టి ఉంచుకుంటుంది. ప్లగ్గు పీకేసినా ఒక్కోసారి అది పట్టుకున్నది వదలదు. మాస్టారి చేతిసంచిలో పాత హోల్డరుకు బిగించిన జీరో బల్బు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దానికి రెండు తీగలు, తీగల చివర ప్లాస్టిక్ పిడి ఉన్న సూదులు. ఆ సూదులను కండెన్సర్ రెండు కాళ్లకూ ఆనిస్తారు. లోపల ఏమైనా మిగిలి ఉంటే బల్బు చటుక్కున వెలిగి ఆరిపోతుంది. మిగలకపోతే ఏమీ జరగదు. ఏమీ జరగకపోయినా ఇంకోసారి ఆనిస్తారు. అప్పుడు ఎడమ చెయ్యి నడుం వెనక్కి పెట్టుకుని కుడి చేత్తో పని మొదలుపెడతారు. రెండు చేతులూ పెడితే దెబ్బ గుండె మీదుగా పోతుందట. వారం రోజులుగా మూలన పడి ఉన్న ఫ్యానుకైనా ఇదే వరస. శిష్యులు చాటుగా దీనికి మాస్టారి దీపారాధన అని పేరు పెట్టారు. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మాస్టారి చెవిన ఆ పేరు పడినప్పుడు, అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

ఆయన శిష్యులందరిలోకీ చెయ్యి తిరిగినది శేషారత్నం. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. పద్నాలుగు నెలల్లో మోటారులో రాగితీగ కాయిలు చుట్టడం దగ్గర్నుంచి బేరింగు మార్చడం దాకా అన్నీ పట్టేసింది. శబ్దం విని రోగం చెప్పగలదు. రైలు గేటు దగ్గర చిన్న గది ఒకటి అద్దెకు తీసుకుని సున్నం వేయించింది, బోర్డు రాయించింది, వచ్చే శుక్రవారం తెరుద్దామని ముహూర్తం కూడా పెట్టించుకుంది. ఇక కావలసింది మాస్టారి మాట ఒక్కటే. ఆయన సర్టిఫికెట్లు ఇవ్వరు. శిష్యులను ఒంటరిగా ఒక ఇంటికి పనికి పంపుతారు. వెళ్లి, పని చేసి, తిరిగొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాలి. అంతా విని ఆయన ‘తెరువు’ అంటే షాపు తెరవొచ్చు. అనకపోతే ఇంకో ఆరు నెలలు బల్ల దగ్గర కూర్చోవాలి. ఆ మాట లేకుండా తెరిచినవాళ్లను ఆయన ఏమీ అనరు కానీ, అలా తెరిచినవాళ్లు ఇంతవరకూ లేరు. శేషారత్నానికి ఆ షాపు అంటే అన్నం ఒక్కటే కాదు. అదెందుకో చెప్పాలంటే మూడేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఆమె భర్త వీర్రాజు, అతని తమ్ముడు సూర్రావు కలిసి బజారు వీధిలో రిపేరు షాపు నడిపేవాళ్లు. పేరు ఇద్దరిదీ, పనితనం వీర్రాజుది. రాత్రి మిగిలిపోయిన పని ఇంటికి తెచ్చుకునేవాడు, పక్కన కూర్చుని ఆమె కూడా తీగ చుట్టిపెట్టేది. వీర్రాజు జ్వరంతో పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడు ఆమె తాళంచెవి పట్టుకుని షాపు తెరుద్దామని వెళితే, సూర్రావు ఆ తాళంచెవి ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుని, “స్క్రూడ్రైవరు నీకెందుకు వదినా, ఇంటిపట్టున కూర్చో” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె కూడా నాలుగు అని ఉండేది. ఎంతో మర్యాదగా, ఆమె మంచికే అన్నట్టు అన్నాడు. ఆ సాయంత్రానికి వీర్రాజు పేరున్న బోర్డు దిగిపోయింది. ఆనాటి నుంచి ఆమె మరిది ఇంటి గడప తొక్కలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరైనా కదిపితే, అదెప్పుడో మనసులోంచి తీసేశానని చెప్పేది. ఎంత స్థిమితంగా చెప్పేదంటే విన్నవాళ్లందరూ నమ్మారు, ఆమె కూడా నమ్మింది.

మంగళవారం పొద్దున, టీ తాగే వేళ, ఆమె మాస్టారిని ఒక ప్రశ్న అడిగింది. తెలియక అడిగింది కాదు. బాగా తెలిసినవాళ్లకు వచ్చే ప్రశ్న అది. కాయిలు తీగ బాగున్నంతవరకూ కండెన్సర్లో మిగిలిన కరెంటు దాని గుండా దానంతట అదే దిగిపోతుందని మాస్టారే పాఠంలో చెప్పారు. పది సామాన్లకు తొమ్మిదింటిలో బల్బు వెలగనే వెలగదు, ఆమె లెక్క చూసింది. మరి ఈ తతంగం దేనికి?

“ప్లగ్గు తీసేశాక తీసేసినట్టే కదా మాస్టారూ. మిగిలిందేదైనా ఉంటే కాసేపటికి అదే పోతుంది. ఇంకా దేనికి భయం?”

మిగతా బల్లల దగ్గర స్క్రూడ్రైవర్లు ఆగాయి. ఈ ప్రశ్న అందరి కడుపులోనూ ఉంది, అడిగే ధైర్యం ఈమెకు వచ్చింది. మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి, ఆ సంగతి సాయంత్రం చెబుతానని, ఈలోపు ఒక ఇంటికి వెళ్లి రమ్మనీ అన్నారు. సూర్రావు భార్య మంగతాయారు ఇందాకే ఫోన్ చేసింది. పెద్ద గ్రైండరు ఆగిపోయిందట. రేపు వాళ్లమ్మాయి సీమంతం. గారెలకీ ఇడ్లీలకీ తెల్లవారుజామునే పప్పు నానబోసింది, ఇంకా ఆలస్యమైతే పులుస్తుంది. ఒంటరిగా వెళ్లాలి, తిరిగొచ్చి చెప్పాలి. “నీకేమైనా ఇబ్బంది అయితే వేరేవాళ్లను పంపుతాను రత్నమ్మా” అన్నారు ఆఖర్న.

ఆమె ఎదురుచూస్తున్న పిలుపు ఇన్నాళ్లకు వచ్చింది. ఏ ఇంటినుంచి వచ్చిందన్నది రెండో సంగతిగా తోచింది. ఇబ్బందేమిటి మాస్టారూ, అదెప్పుడో తీసేశాను, మూడేళ్లయింది అని లేచింది. మాస్టారు తన జీరో బల్బును తీగలతో సహా చుట్ట చుట్టి ఆమె సంచిలో పెట్టారు. తన బల్బు వేరేవాళ్ల సంచిలో పెట్టడం వరండాలో ఎవరూ అంతకుముందు చూసి ఉండలేదు.

రిపేరు షాపు యజమాని ఇంట్లో ఏదైనా చెడిపోతే ఊళ్లో అన్నిటికంటే ఆఖరున బాగుపడేది అదే. ఈ మర్యాద అన్ని ఊళ్లలోనూ ఉంది. సూర్రావు ఆ ఉదయం ఏడింటికి స్విచ్చి వేసి చూశాడు. గ్రైండరు కాస్త తిరిగి, గుర్రుమని ఆగింది. ప్లగ్గు పీకి, మోటారు మూత విప్పి, ఒకసారి తొంగి చూసి, కాయిలు కాలిపోయిందని తీర్పు చెప్పి, ఏలూరులో పనుందని బస్సెక్కాడు. మూత మళ్లీ బిగించను కూడా లేదు. ఆయన వెళ్లిన గంటకు తాయారు దావీదు మాస్టారికి ఫోన్ చేసింది, భర్తకు తెలియకుండా. వచ్చేది ఎవరో ఆమెకూ తెలియదు. తలుపు తీసి, ఎదురుగా సంచితో నిలబడ్డ తోటికోడల్ని చూసి, ఆనందపడాలో భయపడాలో తెలియక రెండూ పడింది.

శేషారత్నం కుశల ప్రశ్నలకు తావివ్వలేదు. గ్రైండరు ఎక్కడుందని అడిగింది. పెరటి వరండాలో, చెక్క పలక మీద పక్కకు ఒరిగించి ఉంది. మూత తీసి ఉంది. ప్లగ్గు గోడ పక్కన నేల మీద పడి ఉంది. పొద్దున ఏడింటికే ఆయన పీకేశారని తాయారు చెప్పింది. అప్పుడు టైము పదకొండు. తువ్వాలు పరుచుకుని, పీట మీద కూర్చుని, ఎడమ చెయ్యి అలవాటు కొద్దీ నడుం వెనక్కి పెట్టుకుని ముందుకు వంగింది. అప్పుడు కనిపించింది చెక్క పలక.

పొడుగాటి పలక. పైన తెల్లరంగు, దాని మీద ఎండిన పిండి చారలు. నాలుగు మూలలా నాలుగు చిల్లులు, చిల్లుల చుట్టూ తుప్పు మరకలు. ఎడమ పక్క పై చిల్లు కుడి పక్కదానికంటే కొంచెం కిందికి ఉంది. అలా ఎందుకుందో ఈ లోకంలో ఆమెకు ఒక్కదానికే తెలుసు. నిచ్చెన పట్టుకుని కింద ఆమె నిలబడితే, పైనుంచి వీర్రాజు మేకు వంకర కొట్టి, నువ్వు నవ్వించడం వల్లే అని నింద వేశాడు. పలక అంచున వేలితో రాసి చూసింది. అంచున పచ్చరంగు గీత. షాపు మీంచి దిగిపోయిన బోర్డు అదే. ఆ మనిషి పేరు బోర్లా పడి ఉంది, దాని మీద వీళ్లు మూడేళ్లుగా పిండి రుబ్బుకుంటున్నారు.

ఒళ్లు మండిపోయింది. సరిగ్గా అప్పుడు తాయారు కాఫీ గ్లాసుతో వచ్చి, వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసి, బాగా చిక్కిపోయావక్కా అంది.

“పిండి రుబ్బుకోడానికి మీకు మా ఆయన పేరే దొరికిందా?”

ఆ ఒక్క మాటతో ఆగలేదు. దాని వెనకాల మూడేళ్లుగా పోగుపడ్డవన్నీ వరసపెట్టి వచ్చాయి. తాళంచెవి వచ్చింది, స్క్రూడ్రైవరు వచ్చింది, పెద్దకర్మ నాటి భోజనాల దగ్గర ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది కూడా వచ్చింది. ఇన్నీ తనలో ఉన్నాయని ఆమెకే తెలియదు. ఆ మాటలు అనవలసిన మనిషి ఏలూరు బస్సులో ఉన్నాడు. పడ్డ మనిషి కాఫీ గ్లాసుతో ఎదురుగా ఉంది. తాయారు గ్లాసు పట్టుకుని అన్నీ వింది. కాఫీ మీద మీగడ కట్టేదాకా అలాగే నిలబడింది.

శేషారత్నం గిర్రున పని వైపు తిరిగింది. చేసి పారేసి వెళ్లిపోవాలి, ఈ ఇంట్లో ఒక్క నిమిషం ఎక్కువ ఉండకూడదు, ఇదే ఉంది మనసులో. ప్లగ్గు భుజం మీద వేసుకోలేదు, నేల మీదే ఉంది కదా. బల్బు సంచిలోంచి తియ్యలేదు, నాలుగు గంటలయింది కదా. కండెన్సర్ ఊడదీద్దామని బొటనవేలూ చూపుడువేలూ దాని రెండు కాళ్ల మీదా వేసింది.

ఎవరో సుత్తితో మణికట్టు మీద కొట్టినట్టయింది. చెయ్యి దానంతట అదే ఎగిరి, గ్రైండరు రేకు అంచుకు తగిలి, చీరుకుపోయింది. తువ్వాలు మీదున్న స్క్రూడ్రైవరు ఆ ఊపుకు పప్పు గిన్నె దాటి వెళ్లి పడింది. శేషారత్నం పీట మీంచి వెనక్కి కూలబడి, గొంతులోంచి వచ్చిన మొదటి మాటగా “ముట్టుకోకు” అంది. తాయారు ముట్టుకోలేదు. గ్లాసు అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తి మెయిన్ ఆపు చేసి, అప్పుడు వచ్చి పక్కన కూర్చుంది. వీర్రాజు బతికున్న రోజుల్లో ఇద్దరు తోటికోడళ్లకూ కలిపి నేర్పిన పాఠం అది. పసుపు తెచ్చి గాయం మీద అద్ది, పాత చీర పేలికతో కట్టు కట్టింది. అన్ని మాటలు పడ్డ మనిషి చేతులు, కట్టు మాత్రం నొప్పి పుట్టకుండా కట్టాయి.

శేషారత్నం వేళ్లు ముడిచి, తెరిచి చూసుకుంది. అన్నీ పనిచేస్తున్నాయి. ఎడమ చెయ్యి ఇంకా నడుం వెనకాలే ఉంది. పద్నాలుగు నెలల అలవాటు ఆమెకు చెప్పకుండానే ఆమెను కాపాడింది. బాగు చెయ్యడానికి వచ్చిన చేతిని ఆ డబ్బా కొట్టింది. ఆమె తన కట్టు వంక చూసుకుంది, చెంపల మీద తడి తుడుచుకుంటున్న తాయారు వంక చూసింది, తల దించుకుంది.

తర్వాత లేచి మొదటినుంచి మొదలుపెట్టింది. ప్లగ్గు వైరు తెచ్చి ఎడమ భుజం మీద వేసుకుంది. మాస్టారి బల్బు తీసి సూదులు ఆనించింది. ఇందాకటి దెబ్బలో అంతా పోలేదు. బల్బు చటుక్కున వెలిగింది, సన్నగా, కన్నుకొట్టినట్టు, ఆరిపోయింది. ఇంకోసారి ఆనించింది. ఈసారి ఏమీ లేదు. అప్పుడు చెయ్యి పెట్టి చూస్తే జబ్బు తేలిగ్గానే దొరికింది. కాయిలు కాలలేదు, ఏమీ కాలేదు. కండెన్సర్ నుంచి కాయిలుకు పోయే తీగ, అతుకు దగ్గర మాడి తెగిపోయింది. పొద్దున గుర్రుమన్న క్షణంలో తెగి ఉంటుంది. లోపలికి వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది, దిగిపోవడానికి దారి లేదు. నాలుగు గంటలు కాదు, నాలుగు రోజులైనా చాలావరకు అక్కడే కూర్చునేది. దీన్ని సూర్రావు ఎలా చూడలేకపోయాడని ఒక్క క్షణం ఆమెకు ఆశ్చర్యం వేసింది. వీర్రాజైతే వాసన చూసి చెప్పేవాడు.

మాడిన చివర కత్తిరించి, తీగ గీకి, కొత్త అతుకు వేసి బిగించి, టేపు చుట్టి, మూత పెట్టింది. గ్రైండరును నిలబెట్టి, ప్లగ్గు గుచ్చి, మెయిన్ వేసి స్విచ్చి నొక్కితే అది హాయిగా తిరిగింది. తాయారు గబగబా గిన్నె తెచ్చి పప్పు వేసింది. రోలు నిండుగా పప్పు నింపాదిగా నలుగుతుంటే దాని చప్పుడు చాటున ఆమె నోరు విప్పింది.

“ఆ బోర్డు ఆయన పొయ్యిలోకి కొట్టించమన్నారక్కా. గ్రైండరు కింద వేసుకుంటానని చెప్పి దాచాను. పనికొచ్చేదైతే ఆయన పారెయ్యనివ్వరు.”

మొదటి వాయ తీశాక ఇద్దరూ కలిసి గ్రైండరును దించి పలక తిప్పారు. కింద నాలుగు మూలలా నాలుగు ఇటుక ముక్కలు ఉన్నాయి, నేల తడి తగలకుండా. పేరున్న వైపు మందపాటి ప్లాస్టిక్ కాగితం పరిచి, చుట్టూ చిన్న మేకులు కొట్టి ఉంది. దాని వెనక పచ్చటి అక్షరాలు నిన్న రాసినట్టున్నాయి. పిండి పడ్డదంతా వెనకవైపే. వీర్రాజు పేరు మీద ఒక్క గీత లేదు.

శేషారత్నం అప్పుడు ఏడ్చింది. పెద్దకర్మ నాడు కూడా గుక్కపట్టి ఏడవని మనిషి, పెరటి వరండాలో పీట మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఏడ్చి, మాట్లాడింది. ఇందాకటిలా కాదు. ఒక్కొక్కటీ నెమ్మదిగా, ఎవరు చేసింది వాళ్ల పేరు మీదే చెప్పింది. తాయారు కూడా తను చెప్పాలనుకుని మూడేళ్లుగా మింగినవి చెప్పింది. ఆ మాటలు బయటివాళ్లకు అక్కర్లేదు. పప్పు రెండు వాయలు రుబ్బడం పూర్తయ్యేసరికి అవీ అయ్యాయి. మీగడ కట్టిన కాఫీని పారబోయనివ్వకుండా శేషారత్నం అదే తాగింది. వెళ్లబోతుంటే తాయారు, రేపు నువ్వు రావాలక్కా, అమ్మాయి నిన్నే అడుగుతోంది అంది. ఆయనేమంటారో అని సందేహించలేదు, ఆయన సంగతి నేను చూసుకుంటాను అని కూడా అంది. గారెలు ఎలా వస్తాయో చూసి చెబుతానని శేషారత్నం నవ్వింది. బోర్డు మాత్రం తీసుకోలేదు. శుక్రవారం షాపు తెరవడం ఖాయమైతే అప్పుడు తెమ్మంది. ఖాయమవుతుందన్న ఆశ ఆమెకు పెద్దగా లేదు.

జరిగింది జరిగినట్టు చెబితే మాస్టారు ‘తెరువు’ అనరు. అందుకే దారి పొడుగునా, కట్టు కట్టిన చేతిని పమిట చాటున దాచుకోవచ్చని ఒక మనసు చెబుతూనే ఉంది. రేకు గీసుకుందంటే సరిపోతుంది, అది అబద్ధం కూడా కాదు. గ్రైండరు తిరిగింది, పప్పు నలిగింది, పని అయింది. గదికి సున్నం వేసి ఉంది, కొత్త బోర్డు రాసి ఉంది. రైలు గేటు పడి ఉంటే పది నిమిషాలు అక్కడ నిలబడి తన గది తలుపు వంక చూసింది. గూడ్సు బండి వెళ్లింది, గేటు లేచింది. పమిట సర్దుకుని, చెయ్యి బయటే ఉంచుకుని నడిచింది.

సాయంత్రం నాలుగింటికి వరండాలో అందరూ ఉండగానే మాస్టారి ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. బోర్డు సంగతి చెప్పింది, తాయారును అన్న మాటలు చెప్పింది, భుజం మీద వెయ్యని ప్లగ్గు, తియ్యని బల్బు, దెబ్బ, తెగిన తీగ, ఏదీ దాచలేదు. తర్వాత మళ్లీ మొదటినుంచి ఎలా చేసిందీ చెప్పింది. ఆరు నెలలు మళ్లీ బల్ల దగ్గర కూర్చోవడానికి సిద్ధపడే చెప్పింది. మాస్టారు మధ్యలో ఒక్కసారే అడ్డు వచ్చారు, దెబ్బ తగిలినప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడుందని. నడుం వెనక అని ఆమె చెప్పాక ఆయన బిగపట్టిన ఊపిరి వదలడం అందరికీ వినిపించింది. పంపింది తనేనన్న బాధ ఆయన ముఖంలో కనిపించింది. కట్టు విప్పి గాయం చూసి, మళ్లీ కట్టి, ఆమె చేతిని ఆమెకు ఇచ్చేశారు.

“ప్లగ్గు తీసి ఎంతసేపయింది?”

“నాలుగు గంటలు మాస్టారూ.”

“గ్రైండరుది కాదు.”

మిగతా శిష్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొద్దున అడిగిన ప్రశ్న తిరిగి తన దగ్గరికే నడిచి వచ్చిందని శేషారత్నానికి అర్థమైంది.

“మూడేళ్లు” అంది.

“బల్బు వెలిగిందా?”

“వెలిగింది మాస్టారూ. ఆరిపోయింది కూడా.”

ఆమె బల్ల మీద తెచ్చి పెట్టిన జీరో బల్బును మాస్టారు తీసుకుని, తీగలు చుట్ట చుట్టి, మళ్లీ ఆమె సంచిలోనే పెట్టారు.

“అయితే ఇక చెయ్యి పెట్టొచ్చు” అన్నారు. “శుక్రవారం తెరువు.”